మితవ్యయ వివాహము – మన కర్తవ్యము

(చేనేత కులబాంధవుల వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు వివాహవ్యయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము పండితులము గాము. చేనేత సహకారసంఘమున ముప్పది సంవత్సరములు లెక్కలు వ్రాసి, ఇంటియొద్ద రెండు మగ్గములు నడపుకొన్నవారము. కావున మా ప్రసంగమున శాస్త్రచర్చకంటె చిట్టా ఆవర్జాలే యెక్కువగ వినబడును. పెండ్లివంటి శుభకార్యమును అంకెలలో చెప్పుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను శుభకార్యము జరిగిన పదియేండ్లకు కూడ ఆ అంకెలు మన ఇండ్లను విడుచుట లేదు గనుక, వాని నొకసారి సభాముఖమున చదివి వినిపించుటయే మేలని తలచితిమి.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. అప్పు చేసి ఇల్లు కట్టినవానికి ఇల్లయినను మిగులును. అప్పు చేసి పెండ్లి చేసినవానికి మిగులునది యేమి? పందిరి మరునాడే విప్పుదురు. విస్తళ్లు ఆ పూటనే యెత్తుదురు. పువ్వులు సాయంకాలమునకే వాడును. వాడనిది అప్పొక్కటే.

పరుల తప్పు లెన్నుటకు ముందు తన తప్పు చెప్పుకొనుట మర్యాద. కావున మొదట మా ఇంటి కథనే విన్నవించుకొందుము.

మా పెద్దకుమార్తె వివాహము 2009వ సంవత్సరమున జరిగినది. సంబంధము మంచిది. వరుని తండ్రిగారు కట్నము కోరలేదు. "మీకు తోచినట్లు చేయండి బావగారూ" అని మాత్రమే అనిరి. ఆ మాట విని మేము సంతోషింపవలసినది, కాని భయపడితిమి. ఏలయనగా అంతకు ముందటి మాఘమాసమున మా వీధిలోనే మన కులమువారయిన యొక వస్త్రవ్యాపారిగారింట పెండ్లి జరిగియుండెను. వీధి యీ కొననుండి ఆ కొనవరకు దీపతోరణములు. రెండువేల విస్తళ్లు లేచెనని చెప్పుకొనిరి. "తోచినట్లు" అను మాటకు ఆ పెండ్లియే మాకు కొలబద్ద యయ్యెను. మా అక్కగారు, మా తమ్ముడు, తుదకు మా మగ్గముమీద పనిచేయు కుఱ్ఱవాడు సైతము "అందులో సగమైనా చేయకపోతే నలుగురిలో తలవంపులు గదా" అనిరి. ఊరివారి పద్దులన్నియు సరిచూచు మేము మా ఇంటి పద్దు చూచుకొనకయే సరేయంటిమి.

మా చేత నుండినది 60,000 రూపాయలు. సావుకారు యొద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,50,000 రూపాయలు తెచ్చితిమి. తొమ్మిదివందల మంది భుజించిరి. పెండ్లి బాగుగ జరిగినదని అందరు ననిరి. ఆ మాట వారముదినములు వినబడెను. వడ్డీ మాత్రము నెలకు 3,000 రూపాయల చొప్పున డెబ్బదిరెండు నెలలు కట్టితిమి. అనగా వడ్డీ క్రింద పోయినది 2,16,000 రూపాయలు. అసలు 1,50,000 రూపాయలు చెక్కుచెదరక అట్లే నిలిచియుండెను. 2015వ సంవత్సరమున మా తండ్రిగారు సంపాదించిన నివేశనస్థలము నమ్మి ఆ ఋణము తీర్చితిమి.

ఇంతవరకు చెప్పినది ధనము మాట. దానికంటె గొప్ప నష్టము వేరొకటి కలదు. మా కుమారుడు ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరము చదువుచుండగా, వడ్డీకి చాలక, 2010వ సంవత్సరమున వానిని కళాశాల మానిపించి మగ్గమున కూర్చుండబెట్టితిమి. మగ్గపుపని తక్కువదని మేము చెప్పుట లేదు. అది మన తాతముత్తాతల విద్య. కాని తాను కోరి కూర్చుండుట వేరు, అక్క పెండ్లి అప్పునకై కూర్చుండుట వేరు. కొన్నాళ్లకు పెద్దకుమార్తె పుట్టింటికి వచ్చి, గుంటమగ్గములో కూర్చున్న తమ్ముని చూచి, "నాన్నా, నా పెండ్లిపందిట్లో ఎన్ని దీపాలు పెట్టించావో నాకు గుర్తు లేదు. తమ్ముడు చదువు మానేసిన రోజు మాత్రం గుర్తుంది" అనెను. బిడ్డ సుఖమునకై చేసితి మనుకొన్న ఖర్చును బిడ్డయే కోరలేదని ఆనాడు తెలిసికొంటిమి.

మహాజనులారా! ఇది మా యొక్కరి కథయే యైనచో ఇంతటి సభలో చెప్పదగినది కాదు. మన కులమున పెండ్లి అప్పునకు మరియొక రూపముగూడ కలదు. మంగళగిరియందైనను, పోచంపల్లియందైనను, ధర్మవరమునందైనను, వెంకటగిరియందైనను, నూలో పట్టో తెచ్చి యిచ్చి మజూరీకి నేయించుకొను పెద్దలున్నారు. వారియొద్ద నేయు కార్మికుడు బిడ్డ పెండ్లికి ఆ పెద్దలనే బదులడుగును. వారును ఇత్తురు. ఇచ్చుట దయయే, కాదనము. కాని ఆ బాకీ తీరువరకు వాడు మరియొకరి నూలు పడుగు తొడుగజాలడు. మజూరీ చాలదని నోరెత్తజాలడు. మరియొకచోట చీరకు రెండువందలు ఎక్కువ యిత్తుమన్నను పోజాలడు. వడ్డీ పుచ్చుకొనని బాకీకూడ ఈ విధముగ వడ్డీని లాగుచునే యుండును. ఒక్క దినపు పందిరి పది సంవత్సరముల మగ్గమును కట్టివేయుచున్నది. పడుగుపోగు తెగిన అతుకవచ్చును. ఈ కట్టు తెంచుట కష్టము.

ఇందుకు కారణ మెవరు? పేదవాడు దుబారా మనిషి యని సభలలో చెప్పుట సులభము. మేము ఆ మాట నొప్పుకొనము. పేదవాడు తన పెండ్లికొలత తాను నిర్ణయించుకొనుట లేదు. వీధిలో నున్న భాగ్యవంతుని పెండ్లియే వానికి కొలత నిర్ణయించుచున్నది. భాగ్యవంతుడు తన ఆదాయమున ఒకపాలు ఖర్చుచేసి రెండువేల మందికి పెట్టును. దానిలో సగము చేయుటకై పేదవాడు తన పదియేండ్ల సంపాదన నొడ్డును. కావున మితవ్యయమును గూర్చిన ఉపదేశము ఈ సభలో వెనుకవరుసవారికి గాక ముందువరుసవారికి మొదట చేయవలసియున్నది. పెద్దలు తగ్గించిననే పేదలు తగ్గింపగలరు. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. తక్కిన దంతయు దీనికి వివరణము.

ఆచారము చెడునని కొందరు శంకింతురు. ఆచారము ఎన్నడును ఒక్కచోట నిలువలేదు. మన తాతలనాట పెండ్లి యైదు దినములు. నేడు ఒక్క పూట. నాలుగు దినములు తగ్గినందున ఏ దంపతులకు అరిష్టము కలిగినది? ఒకప్పుడు పిల్లను ధనమునకు అమ్ముకొను దురాచార ముండెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున ప్రదర్శింపబడి, 1897వ సంవత్సరమున అచ్చుపడినది. ఆ దురాచారము పోయినది. దాని స్థానమున వరుని కమ్ముకొనుట వచ్చినది. బాల్యవివాహములు ధర్మమని వాదించినవా రుండగనే 1929వ సంవత్సరమున శారదా చట్టము వచ్చినది. చెడ్డ ఆచారము వచ్చినట్లే పోవును, పోగొట్టువారు కావలెను. మరి నేడు మన పెండ్లిండ్లలో కనబడు సంగీత్, మెహందీ, పెండ్లికి ముందే కొండలకును సముద్రతీరములకును పోయి తీయించుకొను చిత్రములు, ఆకాశమున నెగురు డ్రోన్ కెమెరాలు, చెవులు బద్దలగునట్టి డీజేలు – ఇవి మన తాతల ఆచారములా? నిన్న వచ్చినవి. వీనిని మానిన ఆచారము చెడదు సరికదా, నిలుచును.

అసలు వివాహమునకు కావలసిన దేమి? జీలకఱ్ఱ, బెల్లము, పసుపుకొమ్ము, మంగళసూత్రము, తలంబ్రాలకు నాలుగు శేర్ల బియ్యము, అగ్నిహోత్రమునకు సమిధలు, నేయి. బంగారపు పుస్తెలు తప్ప మిగిలిన దంతయు ఒక సంచిలో పట్టును. 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టము ఏడవ సెక్షనునందుకూడ, సప్తపది యాచారముగా గలవారికి ఏడవ యడుగుతో వివాహము సంపూర్ణమగునని యున్నది. ఎన్ని విస్తళ్లు లేవవలెనని అందు లేదు. 2024వ సంవత్సరము ఏప్రిలు నెలలో సర్వోన్నతన్యాయస్థానమువారుకూడ, వివాహము ఆటపాటలకును విందులకును కట్నకానుకలకును సందర్భము కాదనియు, అది పవిత్రమైన సంస్కారమనియు, ఆ చట్టము క్రింద వివాహము చెల్లుటకు తగిన క్రతువు జరుగవలెననియు తీర్పు చెప్పిరి. కావున తగ్గింపదగినది ఆడంబరమును, తగ్గింపరానిది సంస్కారమును. మనలో కొందరు దీనికి తారుమారుగ చేయుచున్నారు. పురోహితుని "త్వరగా కానీయండి, ఫొటోలకు ఆలస్యమగుచున్నది" అని తొందరపెట్టుచున్నారు!

ఇక మా రెండవ కుమార్తె వివాహమును ఏ విధముగ చేసితిమో వివరింతుము. ఇది గొప్పకు చెప్పుట కాదు. ఇట్లుగూడ చేయవచ్చునని చూపుటకు.

2015వ సంవత్సరమున అప్పు తీరినది మొదలు, వడ్డీకి కట్టిన 3,000 రూపాయలకు మరి 2,000 చేర్చి నెలకు 5,000 రూపాయల చొప్పున తపాలాకార్యాలయమున వేయుచు వచ్చితిమి. మూడు సంవత్సరములకు అసలే 1,80,000 రూపాయలయ్యెను. 2018వ సంవత్సరమున సంబంధము కుదురగానే, లగ్నపత్రికకు ముందే మేము నోటుపుస్తకము చంకను పెట్టుకొని వరుని తండ్రిగారియొద్దకు పోయితిమి. "బావగారూ, మా చేతిలో ఉన్నది ఇంత. ఒక్క రూపాయి అప్పు చేయము. ఇందులో ఎట్లు చేసినా మీకు సమ్మతమేనా?" అని యడిగితిమి. వారు పుస్తకము త్రిప్పి చూచి నవ్వి, "మా ఇంట్లో ఈ మాట ఎవరు ముందు అంటారా అని చూస్తున్నాను బావగారూ. మా తరఫున ఎనభై మందికి మించి రారు" అనిరి. పదిమాటలతో తీరిన పని యది. 2009లో ఆ పదిమాటలు మేము అడుగలేదు.

ఆ పెండ్లి పద్దు ఇది. భోజనములు, రెండువందల మందికి, 36,000. దేవాలయమండపము, రుసుములు 8,000. పురోహితుని సంభావన, పూజాద్రవ్యములు 9,000. సన్నాయి, డోలు 7,000. పుస్తెలు, నల్లపూసలు, కొలది బంగారము 50,000. బట్టలు 22,000. ఫొటోలు 10,000. శుభలేఖలు, పసుపుకుంకుమలు, తాంబూలములు 6,000. ఒక బస్సు 9,000. ఇతరములు 8,000. మొత్తము 1,65,000 రూపాయలు. మిగిలిన 15,000 రూపాయలును, బంధువులు చదివించిన సొమ్మును పిల్లపేర వేసితిమి. నేటి ధరలు వేరు. కాని పద్ధతి నేటికిని చెల్లును. ఆ పద్ధతిలోని సూత్రములను క్రమముగ చెప్పుదుము.

మొదటిది: ముందు హద్దు, తరువాత ముహూర్తము. సాధారణముగ మనము ముహూర్తము పెట్టుకొని, మండపము మాట్లాడుకొని, పిమ్మట సొమ్ము వెదకుదుము. అట్లు కాక, చేత నున్న సొమ్మెంతయో కాగితముమీద వ్రాసి, దానిలో పదియవవంతు అనుకొనని ఖర్చులకు విడిచి, మిగిలినదానినే పంచుకొనవలెను. చదివింపులు వచ్చునని గాని, ప్రభుత్వసహాయము వచ్చునని గాని ముందే జమ వ్రాయరాదు. తెలంగాణమున కల్యాణలక్ష్మి పథకము 2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 51,000 రూపాయలతో ఆరంభమై, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగినది. అట్టి సహాయము అర్హులు తప్పక పొందవలసినదే. కాని అది చేతికి వచ్చిన పిదప పిల్లపేర నిలువచేయవలసినది. దానిని చూపి అప్పు తేదగినది కాదు.

రెండవది: అతిథుల సంఖ్యయే సర్వమునకు మూలము. విస్తరి యొక్కింటికి 400 రూపాయలనుకొందము. వేయిమందికి 4,00,000; రెండువందలయేబదిమందికి లక్ష. అంతటితో తీరదు. వేయిమంది వచ్చినచో పెద్ద ఫంక్షన్ హాలు కావలెను. వేయి తాంబూలపు సంచులు కావలెను. నీళ్లసీసాలు, కుర్చీలు, బస్సులు అన్నియు దానిననుసరించి పెరుగును. కూరలలో ఒకటి తగ్గించి వంద రూపాయలు మిగుల్చుటకంటె, పిలుపులలో నూటిని తగ్గించుట మేలు. పిలువనివారికి కోపము వచ్చునందురా? ఊరిలోని వారికి వేరొకనాటి సాయంకాలము ఇంటియొద్ద పానకము, వడపప్పు పెట్టి వధూవరులకు ఆశీర్వచనము చేయించితిమి. ఎవ్వరును కోపింపలేదు. కొందరు "ఇదే హాయిగా ఉన్నది, పిల్లతో నాలుగు మాటలు మాట్లాడితిమి" అనిరి.

మూడవది: భోజనము. సరుకులు మనమే కొని, వంటవారిని కూలికి మాట్లాడుకొని, అరటియాకులు వేసి బంతులు సాగించితిమి. పప్పు, గుత్తివంకాయకూర, గోంగూరపచ్చడి, పులిహోర, బూరెలు, ముక్కలపులుసు, అప్పడములు, పెరుగు. మన కులపు పడుచువారే వడ్డించిరి. బంతిలో వడ్డించువాడు "మరికొంచెము వేయమందురా" అని యడిగి వేయును, అన్నము వృథాకాదు. ముప్పదిరకములు వరుసగ పెట్టి, పళ్లెము చేతబట్టుకొని నిలువబడి తినుమన్నచోట, మనుష్యుడు ఆకలికి గాక ఆశకు వడ్డించుకొనును. అన్నము పరబ్రహ్మస్వరూపమని చెప్పుకొను మనము దానిని బండ్లకొలది పారవోయుట పాపము కాదా?

నాలుగవది: స్థలకాలములు. ఆషాఢ, భాద్రపద, పుష్యమాసములలో సాధారణముగ ముహూర్తము లుండవు. మిగిలిన మాసములలో కొన్ని దినములకే అందరును ఎగబడుదురు. ఆ దినములందు మండపము, వంటవారు, వాద్యము, బస్సు అన్నిటి ధరయు పెరుగును. సిద్ధాంతిగారిని రెండుమూడు ముహూర్తములు చెప్పుమని యడిగి, వానిలో రద్దీ లేనిదానిని, వారాంతము కానిదానిని గైకొనవలెను. అన్నవరము, ద్వారకాతిరుమలవంటి క్షేత్రములలో నిరాడంబరముగ వివాహములు జరుపుకొను ఆచార మెప్పటినుండియో యున్నది. తిరుమలలో పాపవినాశనము త్రోవనున్న కల్యాణవేదికయందు దేవస్థానమువారు 2016వ సంవత్సరమున ఉచితవివాహముల నారంభించిరి. దైవసన్నిధిని జరిగిన పెండ్లిని చిన్నపెండ్లి యనువారెవరు?

ఐదవది: బంగారము. రాళ్లుపొదిగిన పెద్దనగకంటె తూకముగల చిన్ననగ మేలు. నగ కొనునపుడు తరుగు, మజూరీ అని కట్టినది మరల అమ్మునపుడు తిరిగిరాదు. పిల్లకు ఆపదలో అక్కఱకు వచ్చునది బంగారమే గాని పనితనము కాదు. హాల్‌మార్కు ముద్ర చూచి, రశీదు పుచ్చుకొని కొనవలెను.

ఆఱవది: బట్టలు, పెట్టుపోతలు. ఇది చెప్పుటకు సిగ్గగుచున్నది. ఊరందరి పెండ్లిండ్లకు మధుపర్కములు నేయు మనము, మన పెండ్లిలో పెట్టుపోతలకు మరమగ్గముమీది చౌకచీరలు కట్టలుకట్టలుగ కొనుచున్నాము. ఆ చీర పుచ్చుకొన్నవారు కట్టరు. మరియొక పెండ్లిలో మరియొకరికి పెట్టుదురు. ఇట్లు ఒకే చీర అయిదిండ్లు తిరిగి, మడత విప్పకయే పాతబడును. రెండవ పెండ్లిలో మేము వియ్యాలవారితో చెప్పుకొని, ఆడపడుచులకు తప్ప ఎవ్వరికిని బట్టలు పెట్టలేదు, పుచ్చుకొనలేదు. పెండ్లికూతురి చీరయు మధుపర్కములును మా మగ్గముమీదనే నేసితిమి. పడుగు మేము తోడితిమి. పేక మా కుమారుడు వేసెను. చెల్లెలి పెండ్లికి వాడు నేసిన ఆ చీర, అక్క పెండ్లికి అప్పుతో కొన్న పట్టుచీరకంటె మా ఇంట గొప్పగ చెప్పుకొనబడుచున్నది.

ఇక కట్నము. 1961వ సంవత్సరపు వరకట్ననిషేధచట్టము ప్రకారము పుచ్చుకొనుటయే గాక ఇచ్చుటయు నేరమే. దానికి అయిదు సంవత్సరములకు తక్కువగాని కారాగారమును, 15,000 రూపాయలు గాని కట్నపు విలువ గాని, ఏది యెక్కువయైన అంతకు తగ్గని జరిమానాయు విధింపబడును. స్వచ్ఛందముగ ఇచ్చు కానుకలకు జాబితా వ్రాసి సంతకములు చేయవలెనని 1985వ సంవత్సరమున నియమములు ఏర్పడినవి. కట్నము పుచ్చుకొని, "మేము అడుగలేదు, వారే ఇచ్చిరి" అని చెప్పుట మన సభలలో మర్యాదగ చెల్లుచున్నది. అబద్ధమును మర్యాదగ చెప్పినంతమాత్రమున అది నిజము కానేరదు. మరియొకమాట: 2002వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వివాహముల నమోదు తప్పనిసరి చేయుచు చట్టము చేసిరి. లక్షలు ఖర్చుపెట్టి ఫొటోలు తీయించుకొనువారు స్వల్పరుసుముతో వచ్చు ఈ పత్రమును మరచుచున్నారు. పిల్లకు అక్కఱకు వచ్చునది ఫొటోల పుస్తకము కాదు, ఈ పత్రము.

"పెండ్లి జీవితమున నొక్కసారి వచ్చునది, ఆ సంతోషమును లెక్కలతో కొలువవచ్చునా?" అని అడుగువా రున్నారు. నిజమే, పెండ్లి నూరేండ్ల పంట. నూరేండ్ల పంట కోరువాడు మొదటిదినముననే విత్తనము తినివేయునా? "ఖర్చు తగ్గించినచో పనివాండ్రు బ్రతుకవలదా?" అనియు అడుగుదురు. బ్రతుకవలెను. అందువలననే మేము సన్నాయి మానలేదు, వంటవారి కూలి బేరమాడలేదు. మానవలసినది పనివాని కూలి కాదు, మన పటాటోపము.

సంఘపోషకులారా! ఇప్పుడు తమతో మాటలాడుదుము. తమ దాతృత్వముననే ఈ సంఘము నిలిచియున్నది. ఈ సంచికయు అచ్చుపడుచున్నది. ఆ కృతజ్ఞతతోనే, చిన్నవారమయ్యు, నాలుగు కోరికలు కోరుచున్నాము.

ఒకటి: రాబోవు సంవత్సరమున మీ ఇండ్లలో జరుగు పెండ్లిండ్లకు పిలుపులు మీ శక్తికి తగినట్లు గాక, మీ వీధిలోని మగ్గపువాని శక్తికి తగినట్లు తగ్గించుడు. మీరొక్కరు తగ్గించిన, మీ వీధిలో పదిమంది అప్పు చేయరు. ఇంతకంటె చౌకయైన దానము మరియొకటి లేదు. దీనికి మీ సొమ్ము ఖర్చుకాదు, మిగులును.

రెండు: మీయొద్ద నేయువారికి పెండ్లికి బదులిచ్చినపుడు, ఆ బాకీని మగ్గమునకు ముడిపెట్టకుడు. కాగితము వ్రాయించుకొనుడు, నెలకింతయని వాయిదా పెట్టుడు. కాని "బాకీ తీరువరకు మరియొకచోట నేయరాదు" అను మాటను విడువుడు. ఋణము ధనమునకే గాని మనుష్యునికి కాకూడదు.

మూడు: సంఘముతరపున గుండిగలు, గంగాళములు, తివాచీలు, పందిరిసామగ్రి కొని యుంచుడు. బాడుగ లేకుండ ఒకరి తరువాత నొకరు వాడుకొందురు. సంఘపు సత్రమున ఒక హాలు పెండ్లిండ్లకు విడువుడు. అట్లే బంధువులు చదివింపులు పెండ్లిపందిట్లో గాక, పెండ్లికి పదిదినములు ముందే యిచ్చు ఆచారమును నెలకొల్పుదము. సొమ్ము అదియే, కాని ముందు వచ్చినది అప్పును తప్పించును, వెనుక వచ్చినది వడ్డీకి పోవును.

నాలుగు: సామూహికవివాహములు. ఇవి చేయవలెనని ఏటేట తీర్మానించుచున్నాము; కాని ఎవ్వరును ముందుకు వచ్చుట లేదు. ఎందుకు? ఆ పందిట్లో కూర్చుండుట పేదరికమునకు గుర్తుగ తోచుచున్నది. పేదపిల్లలను వరుసగ కూర్చుండబెట్టి, పెద్దలు వేదికమీద దండలు వేయించుకొని చీరలు పంచినచో అది దానమగును. పెద్దలు తమ బిడ్డలను అదే పందిట్లో, అదే పీటలమీద కూర్చుండబెట్టినచో అది సంస్కారమగును. ఈ సభలో ఒక్క పోషకుడు, "నా కుమారుని పెండ్లి వచ్చే యేడు సంఘపు పందిట్లోనే" అని లేచి చెప్పినచో, పది తీర్మానములు చేయని పనిని ఆ యొక్కమాట చేయును. ఆ మాటకై మేము ఎదురుచూచుచున్నాము.

సోదరీమణులారా! పురుషులు తీర్మానములు చేయుదురు. ఇంట జరుగునది మీ మాట. "ఫలానావారింట ఇట్లు చేసిరి" అను మాటను మీరు మీ గడపలోనికి రానీయకున్నచో సగము ఖర్చు అక్కడనే ఆగును. యువకులారా! మీ పెండ్లికి మీ తండ్రి యెంత అప్పు చేయుచున్నాడో ముందుగ అడిగి తెలిసికొనుడు. అడుగుట అమర్యాద కాదు, తెలియనట్లుండుటయే అమర్యాద.

మా కుమారునికి ఇంకను వివాహము కాలేదు. వాడు చదువు మానిన సంవత్సరములను మేము మరల నీయజాలము. వాని పెండ్లికి మాత్రము అప్పు చేయము, కట్నము పుచ్చుకొనము, రెండువందలకు మించి పిలువము, సంఘపు పందిరి సిద్ధమైనచో అందే చేయుదుము అని ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాము. తప్పినచో మీరందరును అడుగవచ్చును. మాతోపాటు ఈ మాట యిచ్చువారు సభానంతరమున కార్యదర్శిగారియొద్ద నున్న పుస్తకమున సంతకములు చేయుదురని నమ్ముచున్నాము.

పడుగు బిగువు తప్పిన చీర బాగుండదు. బిగువు మించిన పోగులు తెగును. ఇంటి ఖర్చును అట్టిదే. నేతపనిలో మనకు తెలిసిన ఆ నేర్పును పెండ్లిపనిలోనుగూడ చూపుదము గాక. 

శుభమస్తు.